లారీ, టిప్పర్ ఓనర్లు జాగ్రత్త: "హార్డ్ చేయించిన మాల్" అని డూప్లికేట్ యాక్సిల్ షాఫ్టులు అంటగడుతున్నారు

బళ్ళున్నోళ్ళు ఇది ఒక్కసారి చదవండి. బెజవాడ ఆటోనగర్ సైడు ఒక స్పేర్ పార్ట్స్ షాపులో టిప్పర్‌కి వెనక యాక్సిల్ షాఫ్టులు (ఇంజిన్ తిప్పుడుని చక్రాలకి అందించే కడ్డీలు) జత తీసుకున్నా. షాపు పేరు పెట్టట్లేదు, కంప్లైంట్ నడుస్తోంది. కంపెనీ డబ్బా, హోలోగ్రామ్, గ్రీజు పూసి చుట్టిన కవరు అన్నీ పక్కాగా ఉన్నాయి, రేటు కూడా ఒరిజినల్‌కి కాస్త తక్కువ అంతే, మరీ చీప్‌గా చెప్తే ఎవడికైనా డౌటొస్తది కదా, వాళ్ళకీ ఆ తెలివి ఉంది. కంకర లోడుతో క్వారీలోంచి పైకి ఎక్కుతుంటే ఎడమ వైపుది ఫట్‌మని తెగింది.

మన పెద్ద బళ్ళకి వెనక ఫుల్ ఫ్లోటింగ్ కాబట్టి బరువు హౌసింగూ హబ్బూ మోస్తాయి, షాఫ్టు పని తిప్పడం వరకే, అందుకని చక్రం ఊడలేదు. కానీ ఒక పక్క తెగిందంటే ఇంజిన్ తిప్పే తిప్పుడంతా ఆ ఖాళీ పక్కకే పోద్ది, ఫస్ట్ గేర్లో ఉన్నా బండి పట్టు ఉండదు, లోడుతో వెనక్కి జారడం మొదలెట్టింది. ఎయిర్ బ్రేకు కండిషన్లో ఉండబట్టి డ్రైవర్ ఆపాడు. సెమీ ఫ్లోటింగ్, అంటే బరువు కూడా షాఫ్టే మోసే చిన్న బళ్ళకైతే ఇంకా డేంజర్, షాఫ్టు తెగితే చాలావాటికి చక్రమే బయటికొచ్చేస్తది.

విప్పి చూస్తే అసలు సంగతి తెలిసింది. షాఫ్టు చివర నిలువుగా ఉండాల్సిన పళ్ళు (స్ప్లైన్లు) తెగిన చోట ఏటవాలుగా మెలి తిరిగిపోయి ఉన్నాయి, తెగిన ముఖం కత్తిరించినట్టు చదునుగా ఉంది. అంటే స్టీలు మెత్తన, ముందు మెలి తిరిగి తిరిగి తర్వాత తెగింది. పాత ఒరిజినల్ షాఫ్టు షెడ్డులోనే పడుంది కాబట్టి రెంటి మీదా కొత్త ఆకురాయి పెట్టి రుద్దాం. ఒరిజినల్ మీద సర్రున జారిపోయింది, దీని మీద మాత్రం పట్టుకుని తెల్లటి పొడి రాల్చింది. ల్యాబ్‌లో రాక్‌వెల్ టెస్టు (గట్టితనం కొలిచేది) పెట్టిస్తే దీనికి పైన 30 కూడా రాలేదు. రెంటినీ అడ్డంగా కోయించి, నున్నగా చేయించి యాసిడ్ రాయిస్తే ఒరిజినల్‌కి అంచు చుట్టూ రింగు కనబడింది, అదే హార్డ్ చేసిన పొర, కొన్ని మిల్లీమీటర్లు లోపలికి ఉంది. దీనికి రింగే లేదు, అంచు నుంచి నడిమధ్య దాకా ఒకటే రంగు.

మెలి పడ్డప్పుడు ఒత్తిడి ఎక్కువ పడేది షాఫ్టు పై పొర మీదే, నడిమధ్యలో దాదాపు ఏమీ ఉండదు. అందుకే 0.4 శాతం చుట్టుపక్కల కార్బన్ ఉన్న స్టీలు తీసుకుని, ముందు మొత్తానికి హీట్ ట్రీట్‌మెంట్ చేసి, తర్వాత ఇండక్షన్ కాయిల్‌తో పై పొర ఒక్కటే ఎర్రగా కాల్చి వెంటనే చల్లబెట్టి, పెళుసుతనం తగ్గడానికి మళ్ళీ తక్కువ వేడిలో కాచి టెంపర్ చేస్తారు. పైన రాక్‌వెల్ సీ 50 దాటాలి, లోపల 30 అటూఇటూ ఉండి సాగాలి. ఆ హార్డ్ పొర ఫ్లాంజ్ (హబ్బుకి బోల్టులతో బిగించే పళ్ళెం లాంటి చివర) మూల వంపు దాకా పోవాలి, ముందే ఆగిపోతే సరిగ్గా అక్కడే చీలిక మొదలవుద్ది. ఇండక్షన్ లేకుండా లేత్ పట్టి, పళ్ళు కోసి, నల్ల రంగు కొట్టి అమ్మితే ఎంత మిగులుద్దో మీరే లెక్కేసుకోండి.

నేను వెళ్ళి గట్టిగా అడిగితే షాపాయన ఏమన్నాడో తెలుసా, "ఆ లాట్ పోయింది అన్నా, ఇప్పుడు 60 కొట్టించిన మాల్ వచ్చింది, మొత్తం హార్డే, ఇది తీసుకెళ్ళు" అని. దానికైతే అసలు పడకండి. లోపల దాకా అంత హార్డ్ చేసి టెంపర్ సరిగ్గా చేయకపోతే అది ఇంకో రకం చావు. చాక్‌పీసు చేత్తో మెలిపెట్టి విరవండి, ఏటవాలుగా పుటుక్కున విరుగుద్ది చూడండి, ఆ షాఫ్టూ అంతే, మెలి తిరిగి సైగ చేయడం కూడా ఉండదు. మా క్వారీలోనే ఒకాయన షాఫ్టు అచ్చం అలాగే పోయింది, తెగిన ముక్క లోపల ఇరుక్కుని క్రౌన్ (యాక్సిల్ మధ్యలో ఉండే పెద్ద గేరు) దింపాల్సొచ్చింది.

కొనేటప్పుడు బిల్లు మీద పార్ట్ నంబరు, షాఫ్టు మీద కొట్టిన బ్యాచ్ నంబరు రాయించుకోండి. జేబులో చిన్న ఆకురాయి తీసుకెళ్ళి పళ్ళ చివర ఒక్క గీత గీస్తామని చెప్పండి, కొన్ని మోడల్స్‌కి షాఫ్టు మొత్తం 40 దగ్గర ఉంచుతారు, వాటి మీద ఆకురాయి కొంచెం పట్టుద్ది కాబట్టి మీ బండి పాత ఒరిజినల్‌తో పోల్చి చూడటమే కరెక్టు. గీత గీయనివ్వకపోతే వేరే షాపు చూసుకోండి. తెగినదానికి వెల్డింగ్ పెట్టిస్తాం అనేవాళ్ళ మాట వినొద్దు, ఆ వేడికి చుట్టుపక్కల హీట్ ట్రీట్‌మెంట్ అంతా పోద్ది.

కంప్లైంట్‌కి 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది. వ్యాపారం కోసం కొన్నది చెల్లదు అని షాపోళ్ళు బెదిరిస్తారు, సొంతంగా బండి నడుపుకుని బతికేవాళ్ళని 2019 చట్టం వినియోగదారుల కిందే లెక్కేస్తది, బిల్లూ తెగిన ముక్కలూ మాత్రం పారేయకండి.

నా కుడి వైపుది తెగలేదు గానీ పీకి చూస్తే దాని పళ్ళు కూడా అప్పటికే మెలి తిరగడం మొదలెట్టాయి. ఈ మధ్య ఆటోనగర్‌లో యాక్సిల్ వేయించినోళ్ళు ఈసారి లోడెత్తే ముందు ఫ్లాంజ్ బోల్టులు విప్పి రెండు వైపులా లాగి చూడండి, పళ్ళు కాస్త వంకరగా కనబడినా మళ్ళీ ఎక్కించొద్దు.