"క్లీన్ రీజెన్సీ రొమాన్స్, పూర్తి నవల" అని అమ్ముతున్న ఈబుక్‌తో జాగ్రత్త

హిస్టారికల్ రొమాన్స్ ఈబుక్స్ కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో ఈమధ్య తరచూ కంటబడుతున్న ఒక పుస్తకం కొని డబ్బులు వదిలించుకున్నాను. పేరు చెప్పి లాభం లేదు, పేరూ అట్టా మార్చి మళ్ళీ పెడుతున్నారు. గుర్తులు చెబుతాను. 1816లో, అంటే రీజెన్సీ అనే కాలంలో, ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో కథ మొదలవుతుంది. దిక్కులేని ఒక అమ్మాయి ముసలి డచెస్‌కి తోడుగా ఉండే పనికి కుదురుతుంది. డచెస్ కొడుకు డ్యూక్, అంటే ఇంగ్లండ్ ప్రభువుల్లో అన్నిటికన్నా పెద్ద బిరుదున్నవాడు. ఆవిడ రాతబల్లలో తాళం వేసిన సొరుగు, ఆ సొరుగులో కుటుంబ రహస్యం. పుస్తకం వివరణలో "క్లీన్" అనీ, "పూర్తి నవల" అనీ, "దేనికదే విడిగా చదువుకోవచ్చు" అనీ ఉంటుంది. మూడూ అబద్ధాలే.

పుస్తకమంతా ఆ సొరుగు చుట్టూ తిప్పుతారు. డ్యూక్ కన్నకొడుకు కాదని సగంలో తెలుస్తుంది. మరి ఎవరి బిడ్డ? చివరి పేజీలో హీరోయిన్ ఆ జవాబున్న ఉత్తరం సీలు విప్పుతుంది, అక్కడితో ఆపేశారు. కింద రెండో భాగం లింకు, దాని ధర మళ్ళీ ఇంతే. వారపత్రికల్లో సీరియల్స్ చదివి పెరిగినవాళ్ళం, మనకి "సశేషం" కొత్తేమీ కాదు. కానీ పత్రిక కొన్నప్పుడే అది సీరియల్ అని తెలుసు కదా. ఇక్కడ "మొదటి భాగం" అన్న మాట ఆఖరి పేజీ దాకా ఎక్కడా లేదు.

ఇక "క్లీన్" సంగతి. ఈ తరహా నవలల్లో ఆ మాటకి అర్థం ముద్దుల వరకే, పడకగది తలుపు మూసి ఉంటుంది అని. ఇందులో సగం దాకా చెయ్యి తగిలితేనే హీరోయిన్ సిగ్గుతో ఎర్రబడుతుంది. ఆ తర్వాత ఒక అధ్యాయం మొత్తం తలుపులు బార్లా తెరిచి రాశారు. అలాంటివి రాయడం మీద నాకేం కోపం లేదు, నేనూ చదువుతాను. కానీ నా అకౌంట్‌లోని పుస్తకాలు తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురు కూడా చదువుతుంది. ఆ లేబుల్ చూసే కొన్నది. స్టోర్ వాళ్ళని అడిగితే, "క్లీన్ అన్నది పబ్లిషర్ ఇచ్చిన వివరణ, మేం చెక్ చెయ్యం" అన్నారు. సినిమాకి యు సర్టిఫికెట్ ఇచ్చినట్టు పుస్తకాలకి ఇచ్చే బోర్డేమీ లేదు, ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటారు.

నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండింది రహస్యం దగ్గరే. డ్యూక్‌ని పసివాడిగా కోర్టు కాగితాలతో దత్తత తీసుకున్నారట, కాబట్టి బిరుదుకీ ఎస్టేట్‌కీ ఏ ఇబ్బందీ లేదట. దత్తపుత్రుడికి ఆస్తి రావడం మనకి అనాదిగా ఉన్నదే, అందుకే మనం చదువుతూ అనుమానించకుండా దాటిపోతాం. ఇంగ్లండ్‌లో దత్తతకి చట్టం వచ్చిందే 1926లో! అప్పుడు కూడా బిరుదులు దత్తపుత్రులకి దక్కలేదు. 1816లో తండ్రి డ్యూక్ బిరుదు కొడుక్కి రావాలంటే చట్టబద్ధమైన పెళ్ళికి పుట్టిన వారసుడై ఉండాలి. నిజానికి కథకి ప్రాణం అక్కడే ఉంది. ఎవరి బిడ్డనో తెచ్చి కన్నకొడుకే అని లోకాన్ని నమ్మించారని రాసుంటే, ఆ ఉత్తరం బయటపడిన రోజున బిరుదు, భూములు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అన్నీ గల్లంతయ్యేవి, చదివేవాళ్ళకి టెన్షన్ ఉండేది. కోర్టు కాగితాలు పెట్టేసరికి దాచాల్సిన అవసరమే లేకుండా పోయింది.

పెళ్ళి దగ్గరా ఇదే తంతు. హీరోయిన్‌కి 19 ఏళ్ళు, సంరక్షకుడు ఒప్పుకోడు, అయినా మర్నాడు పొద్దున్నే ఊళ్ళో చర్చిలో పెళ్ళయిపోతుంది. 1753 నాటి చట్టం ప్రకారం చర్చిలో మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి, లేదా లైసెన్సు తీసుకోవాలి. 21 నిండనివాళ్ళకి లైసెన్సు కావాలంటే తండ్రో సంరక్షకుడో సరేననాలి. ఆ కాలపు ప్రేమికులు సరిహద్దు దాటి స్కాట్లండ్‌లోని గ్రెట్నా గ్రీన్‌కి పరుగెత్తింది ఇందుకే, అక్కడ ఈ చట్టం చెల్లదు. అంత మంచి ప్రయాణాన్ని రచయిత చేజేతులా పోగొట్టుకున్నారు. దానికి బదులు లండన్ నుంచి బాత్‌కి రైలెక్కించారు. ఆ లైను పూర్తయింది 1841లో. ఉత్తరం మీద తపాలా బిళ్ళ కూడా ఉంది, అది వచ్చింది 1840లో. అంతకుముందు ఉత్తరం అందుకున్నవాళ్ళే సాధారణంగా డబ్బు కట్టేవారు. చేతిలో చిల్లిగవ్వ లేని హీరోయిన్ ఆ ఉత్తరాన్ని ఎలా విడిపించుకుంటుందన్నదే ఒక సీన్ అయ్యేది. రీజెన్సీ అంటే 1811 నుంచి 1820 వరకు, రాజుకి మతిస్థిమితం తప్పితే కొడుకు రాజ్యం చూసిన తొమ్మిదేళ్ళు. అట్ట మీద పొడుగు గౌను వేసినంత మాత్రాన అది రీజెన్సీ అయిపోదు.

కొనేముందు ఉచిత శాంపిల్‌ని నమ్ముకోకండి. ఈ పుస్తకంలో మొదటి మూడు అధ్యాయాలు నిజంగానే బాగున్నాయి, గొడవంతా ఆ తర్వాతే. రివ్యూల్లో 5 స్టార్లవి వదిలేసి 2, 3 స్టార్లవి ముందు చదవండి. కథ మధ్యలో ఆగిపోయిందనీ, పిల్లలకి పనికిరాదనీ చెప్పేది వాళ్ళే. 5 స్టార్లవి దాదాపు అన్నీ ఒకే వారంలో వచ్చాయి, సగం వాటిలో "అద్భుతమైన ప్రయాణం" అన్న మాట ఉంది. రిటర్న్ షరతులు కూడా చూసుకోండి. కొంత శాతం దాటి చదివితే డబ్బు వెనక్కి రాదని నాకు చెప్పారు, క్లీన్ కాని అధ్యాయమేమో సరిగ్గా ఆ గీత దాటాకే వస్తుంది.

ఇప్పటికే కొన్నవాళ్ళు సగం దాకా చదవకముందే రిటర్న్ పెట్టండి. రెండో భాగం డిస్కౌంట్‌లో ఇస్తామని మెయిల్ వస్తుంది, నాకూ వచ్చింది. అందులో కూడా "పూర్తి నవల" అనే ఉంది.