త్రాటిల్‌స్టాప్: రెండున్నరేళ్లు వాడాక

నా ల్యాప్‌టాప్ ఒకరోజు ఉన్నట్టుండి నత్తనడక పట్టింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ వేగం 0.79 గిగాహెర్ట్‌జ్. ఎంతసేపు చూసినా అంతే. పోనీ వేడెక్కిందా అంటే అదీ లేదు. తెలిసినవాళ్లు త్రాటిల్‌స్టాప్ (ప్రాసెసర్ వేగానికున్న పరిమితులను చూపే, మార్చే విండోస్ టూల్) వేసి 'బీడీ ప్రాక్‌హాట్' టిక్ తీసెయ్యమన్నారు. తీసేశాను. మరుక్షణం 3 గిగాహెర్ట్‌జ్ దాటింది. ప్రాణం లేచొచ్చింది.

ప్రాసెసర్ మరీ వేడెక్కితే, చాలా ఇంటెల్ చిప్‌లలో 100 డిగ్రీల దగ్గర, తనంతట తానే నెమ్మదిస్తుంది. ఈ టిక్ తీసినా ఆ రక్షణ పోదు. ఆ ధైర్యంతోనే ఉన్నాను. కానీ బీడీ ప్రాక్‌హాట్ పని వేరు. కరెంటు అందించే సర్క్యూట్లకో, చార్జర్‌కో ఇబ్బంది వస్తే, 'కాస్త తగ్గు' అని ప్రాసెసర్‌కి కబురు పంపే దారి అది. ఆ నోరు నేను నొక్కేశాను.

తర్వాత బ్యాటరీ చార్జ్ ఎక్కడం మానేసింది. పాతబడిందిలే అనుకున్నాను. ఎనిమిది నెలలకు ఓ ఉదయం చార్జర్ పిన్ తీయబోతే వేలు చురుక్కుమంది. పిన్ చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి గోధుమరంగుకు తిరిగింది. లోపల సూదిలా ఉండే సన్నటి పిన్ వంగిపోయి ఉంది. చార్జర్ ఎన్ని వాట్లదో ఈ మోడల్‌కి తెలిసేది దాని ద్వారానే. చార్జర్‌ని గుర్తుపట్టలేకే ల్యాప్‌టాప్ మొదటిరోజు వేగం తగ్గించింది! వీడియో రెండరింగ్ పెట్టేసి నిద్రపోయిన రాత్రులన్నీ గుర్తొచ్చి గుండె ఝల్లుమంది.

చార్జర్ మార్చి, టిక్ మళ్లీ పెట్టాను. వేగం తగ్గలేదు.

ఇంకో సంగతి. ఇలాంటి టూల్‌కి కెర్నల్‌లో, అంటే విండోస్ అన్నిటికన్నా లోపలి పొరలో, నడిచే డ్రైవర్ కావాలి. 2025లో త్రాటిల్‌స్టాప్ డ్రైవర్‌లోనే లోపం బయటపడింది (భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2025-7771). దాన్ని వాడుకుని, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు యాంటీవైరస్‌లను ఆపేశాయి. పాత వెర్షన్ ఉంటే దయచేసి తీసేయండి. వేడి తగ్గేందుకు ఈ టూల్‌తో ప్రాసెసర్ వోల్టేజ్ కూడా తగ్గించుకోవచ్చు, అది మాత్రం నాకు కుదరలేదు. 2019 డిసెంబరులో, ఆ వోల్టేజ్ మార్పునే దాడికి వాడుకోనిచ్చే ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయాస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లతో ఆ వీలు మూసేశాయి. అందుకోసం పాత బయాస్‌కి వెళ్లమన్నారు కానీ నేను వెళ్లలేదు.

ఈ టూల్ ఇప్పటికీ నా దగ్గరుంది, 'లిమిట్ రీజన్స్' విండో కోసం. వేగాన్ని ఏ పరిమితి ఆపుతోందో అక్కడ గడి ఎర్రబడి చూపిస్తుంది. బీడీ ప్రాక్‌హాట్ గడి ఎర్రబడితే ఇప్పుడు నా చెయ్యి ముందు చార్జర్ పిన్ మీదికే వెళుతుంది.