హన్మకొండ డాబా మీద డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్: మూడు చలికాలాల తర్వాత

ఊరి దీపాల వెలుగును ఆపి నెబ్యులాలను, అంటే అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలను, ఫొటో తీయడానికి నేను కెమెరాకు పెట్టే ఫిల్టర్ కథ ఇది. మొదట మా బాపు ఇచ్చిన రివ్యూ చెప్తా. జనవరిలో ఒకనాడు తెల్లారి 4 గంటలకు డాబా మీదికొచ్చి, లాప్‌టాప్‌లో అప్పుడే దిగిన ఫ్రేమ్ చూసి, "రాత్రంత మేలుకొని దీసింది గిదేనా బిడ్డా? నల్లగ తప్ప ఏం లేదు గద" అన్నాడు. నిజమే. ఈ ఫిల్టర్ పెట్టాక 5 నిమిషాల ఎక్స్‌పోజర్‌లో కూడా కనిపించేది కాసిన్ని చుక్కలే. అలాంటివి 108 ఫ్రేములు, నాలుగు రాత్రులు, మొత్తం 9 గంటలు. సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, స్ట్రెచ్ చేస్తే (అంటే మసక వెలుగును పెంచితే) రోజెట్ నెబ్యులా బయటపడింది: ఎర్రటి రేకులు, నడుమ బోలు, ఆ బోలులో లేత నక్షత్రాల గుంపు. బాపు ఫోన్లో వాల్‌పేపర్ ఇప్పుడు అదే.

అంతకుముందు ఏడాది ఫిల్టర్ లేకుండా అదే డాబా నుంచి 2 గంటలు తీశాను. ఒక్కో ఫ్రేమ్ నిమిషం దాటితే చాలు, ఆకాశం పాలిపోయేది. వచ్చిందల్లా తుడిచినా పోని పసుపు మరక లాంటిది. మా వీధిలో సోడియం దీపాలున్నప్పుడు గొడవ తక్కువ. వాటి వెలుగు ఎక్కువగా 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (పసుపు రంగు) చుట్టూ ఉంటుంది, పాత రకం ఫిల్టర్లు దాన్ని ఆపేవి. ఎల్ఈడీలు వచ్చాక వెలుగు అన్ని రంగుల్లో పరుచుకుంది, ఆ ఫిల్టర్లు దండగయ్యాయి. డ్యూయల్ బ్యాండ్‌ది వేరే లెక్క. హైడ్రోజన్ ఎర్రగా వెలిగే (హైడ్రోజన్ ఆల్ఫా అంటారు) 656.3, ఆక్సిజన్ వెలిగే 500.7 దగ్గర చెరో 7 నానోమీటర్ల సందు వదిలి, మిగతాదంతా మూసేస్తుంది. నెబ్యులా వెలుగు ఆ సందుల్లోంచే వస్తుంది కాబట్టి దానికి పెద్దగా నష్టం లేదు.

నా దగ్గరున్నది 400 ఎంఎం ఫోకల్ లెంత్ చిన్న రిఫ్రాక్టర్ (అద్దాల కటకాల టెలిస్కోప్), కూలింగ్ ఉన్న కలర్ కెమెరా. ఫిల్టర్ కస్టమ్స్‌తో కలిపి ముప్పై వేలకు దగ్గర పడింది. ఇంట్లో చెప్పింది వేరే అంకె.

ఇక చిరాకులు. గుర్రపుతల నెబ్యులా పక్కనే ఉండే అల్నిటాక్ లాంటి ప్రకాశవంతమైన చుక్క చుట్టూ నీలి వలయం వస్తుంది. ఆ నెబ్యులా తీసిన ప్రతిసారీ ఆ వలయాన్ని తుడవడానికే ఒక సాయంత్రం పోతుంది. ఫోకస్ చేయడమూ కష్టమే. చుక్కలు మసకబారతాయి కాబట్టి బహ్తినోవ్ మాస్క్ (ఫోకస్ సరిచూసుకోవడానికి ట్యూబ్ ముందు పెట్టే గీతల మూత) లేకుండా కుదరదు. ఫిల్టర్‌ను 50 ఎంఎం లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టి, లెన్స్ బాగా తెరిచి ఎఫ్/1.8లో తీశాను, బొమ్మ పేలవంగా వచ్చింది. కిరణాలు మరీ ఏటవాలుగా పడితే ఆ సన్నటి సందులు పక్కకు జరుగుతాయి. లెన్స్ తెరుపు ఎఫ్/4కు తగ్గించాక కుదిరింది.

కొందరు ఇది పెడితే ఏదైనా తీయొచ్చనుకుంటారు. కృత్తికల చుట్టూ ఉండే నీలి పొగ చుక్కల వెలుగును తిప్పికొట్టే ధూళి. దానికి అన్ని రంగులూ కావాలి, ఈ ఫిల్టర్ వాటినే ఆపుతుంది. ఆండ్రోమెడా గెలాక్సీదీ అంతే. వాటికోసం ఫిల్టర్ ఇంట్లో పెట్టి గోవిందరావుపేట దగ్గర మా మేనమామ పొలానికి పోతాను. అక్కడ గంటలో వచ్చిన పొగ మా డాబా మీద పది గంటలకూ రాలేదు.

మన ఊరి తిప్పలు కొన్ని ఏ ఫిల్టరూ తీర్చదు. ధ్రువ నక్షత్రం ఇక్కడ 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మాకైతే పక్కింటి వాటర్ ట్యాంకు వెనక. అందుకే ఆకాశంలో మూడుచోట్ల ఫొటో తీసి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌తో పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ ఇరుసును ఆకాశ ధ్రువం వైపు తిప్పడం) చేస్తాను. మౌంట్ అంటే చుక్కల వెంట టెలిస్కోప్‌ను తిప్పే మోటారు స్టాండు. డిసెంబర్‌లో అర్ధరాత్రి దాటాక చుక్కలు ఉబ్బితే, ముందుగా ట్యూబ్ అద్దం మీద టార్చ్ వేసి చూడండి. మంచు పట్టి ఉంటుంది. హీటర్ పట్టీ కొనేదాకా మా చెల్లె హెయిర్ డ్రయర్‌తో నెట్టుకొచ్చాను. ఒక రాత్రి కరెంటు పోయి ఊరంతా చీకటైంది. అబ్బ, ఏం ఆకాశం! అని తల ఎత్తేలోపే మౌంట్ కూడా ఆగిపోయిందని గుర్తొచ్చింది. మర్నాడే 12 వోల్టుల బ్యాటరీ కొన్నాను. మిరుగం నుంచి దసరా దాకా అన్నీ బీరువాలోనే.

అన్నిటికంటే పెద్ద శత్రువు మాత్రం పక్కింటి కాకా మెట్ల మీది ఫ్లడ్‌లైట్. అది నేరుగా ట్యూబ్ మీద పడి, ఫ్రేమ్‌లో ఒక మూల తెల్లగా వచ్చేది. "కాకా, జర లైట్ బంద్ జేస్తవా?" అంటే "దొంగలొస్తె నువ్వు జూస్తవా?" అన్నాడు. పాత ఎలక్షన్ ఫ్లెక్సీ ఒకటి పైపులకు కట్టి అడ్డం పెట్టాను. గాలికి అది కొట్టుకుంటే స్లాబ్ అదిరి చుక్కలు కోడిగుడ్లయ్యేవి.

ఈ ఏడాది 3 నానోమీటర్ల ఫిల్టర్‌కు మారుదామని డబ్బు పక్కన పెట్టాను. తర్వాత ఆలోచన మార్చుకొని, అందులోంచి కొంత తీసి కాకా మెట్లకు మనిషి కదిలితేనే వెలిగే సెన్సార్ బల్బు పెట్టించాను. ఇప్పుడు ఆ మూల తెలుపు లేదు. కాకా ఇంటి పిల్లి తిరిగినప్పుడు మాత్రం ఒక ఫ్రేమ్ పోతుంది.