రేలంగి వేషాల్లో నా ఓటు దేవయ్యకే

హాస్యనటుడు రేలంగి పేరెత్తగానే ఎవరైనా ముందు మాయాబజార్ అంటారు. తప్పేం లేదు, 1957లో వచ్చిన ఆ సినిమాలో లక్ష్మణ కుమారుణ్ణి చూసి నవ్వని తెలుగువాళ్లు ఉంటారని నేననుకోను. కానీ నన్నడిగితే మాత్రం అంతకు రెండేళ్ల ముందు వచ్చిన మిస్సమ్మలో దేవయ్యకే నా ఓటు.

ఎందుకో చెప్తాను. ఈమధ్య పాత సినిమాలు వరసపెట్టి చూస్తుంటే ఒక సంగతి తట్టింది. రేలంగి వేసిన పేరున్న వేషాలు చాలావరకు తన గురించి తనకి బోలెడంత నమ్మకం ఉన్న మనుషులవే. పాతాళ భైరవి (1951)లో రాణిగారి తమ్ముడు ఉన్నాడు కదా, తన ప్రేమగోల వినమని రాకుమారి వెంటపడి పాడతాడు, అదీ రేలంగి సొంత గొంతుతోనే. ఆ గొంతు అంతంతమాత్రం. అయినా పాడేవాడికి మాత్రం గంధర్వగానమే. మనల్ని నవ్వించాలనే తాపత్రయం మొహంలో ఎక్కడా కనిపించదు, అసలు నవ్వు పుట్టేది అక్కడే.

మాయాబజార్‌లోనూ అంతే. మాయా శశిరేఖ (శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు) 'దూరం దూరం' అంటూ ఆపుతుంటే వెనక్కి తగ్గుతాడే గానీ, తనలో లోపం ఉందేమో అన్న అనుమానం వాడికి కలలో కూడా రాదు, పెళ్లికూతురికి సిగ్గు అనుకుంటాడు అంతే. తర్వాత పెళ్లిపీటల మీద ఆ శశిరేఖే కాలు తొక్కేసి, మొహం మార్చి హడలగొడుతుంటే వాడి అవస్థ చూడాలి, పక్కవాళ్లకి చెప్పుకుందామంటే వాళ్లకి కనిపించేది చక్కటి పెళ్లికూతురే. (రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారు గానీ నాకు నలుపు తెలుపే ఇష్టం, రంగుల్లో కన్ను నగల మీదికి పోతుంది.)

నర్తనశాల (1963)లో ఉత్తరకుమారుడంటే ఇక చెప్పేదేముంది, ప్రగల్భాలకి మన భాషలో ఆయన పేరే వాడతాం. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు మీసం మెలేసినవాడు కౌరవసేనని చూడగానే చతికిలబడే దగ్గర, ధైర్యం కారిపోవడం మొహంలో మెల్లగా, మెట్టుమెట్టుగా కనిపిస్తుంది. ఇంకొకరైతే కెవ్వున అరిచి సరిపెట్టేవాళ్లు.

మరి దేవయ్య? వీళ్లందరికీ పూర్తిగా రివర్స్. చేతిలో కానీ లేదు, గొప్పలు లేవు, పిల్లల్ని వెంటేసుకుని 'ధర్మం చెయ్ బాబూ' అని అడుక్కునే బాపతు, కానీ ఆ కథలో అందరికంటే తెలివైనవాడు వాడే. ఎన్టీఆర్, సావిత్రి ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలుగా నటిస్తున్నారన్న గుట్టు తెలిసినవాడు కూడా. డబ్బు కావాలంటే 'తైలం' అంటాడు, అప్పిచ్చినవాడు వసూలుకొచ్చినంత దర్జాగా! ఎదుటివాడు ఇస్తాడా ఇవ్వడా అన్న టెన్షనే ఉండదు. అంత తెలివి ఉండీ ఎవరికీ హాని చెయ్యడు, ఇద్దరి మధ్యా గొడవ ముదిరితే సర్దడానికే చూస్తాడు. అమాయకుణ్ణి ఆడించి నవ్వించడం రేలంగికి వెన్నతో పెట్టిన విద్య. జిత్తులమారిని మనకి ఇంత దగ్గర చెయ్యడం మాత్రం కష్టమైన పని, దాన్నీ అంతే సునాయాసంగా చేశాడు.

అన్నీ బాగుంటాయని నేను చెప్పను. అరవైల్లో వచ్చిన కొన్ని సినిమాల్లో నటి గిరిజతో ఒక జంట, ఒక పాట, మధ్యలో ఒక మారువేషం, అంతా ఒకే మూసలో పోసినట్టుంటుంది, కథకి సంబంధమే ఉండదు. అక్కడ తప్పు ఆయనది కాదు, రాసినవాళ్లది. తర్వాత పద్మశ్రీ (1970) కూడా అందుకున్న హాస్యనటుడికి అలాంటి వేషాలు ఇవ్వడమేంటని కోపం వస్తుంది, నేనైతే ఆ ట్రాక్‌లు జరిపేస్తాను.

మిస్సమ్మ చూసేవాళ్లకి ఒక్క మాట. కామెడీ సీన్లని ముక్కలు చేసి పెట్టిన వీడియోలు చూడకండి, సినిమా మొత్తం చూడండి. దేవయ్య తైలం అడిగినప్పుడు నవ్వు సగం రేలంగి దగ్గరుంటే మిగతా సగం జేబు తడుముకునే ఎన్టీఆర్ మొహంలో ఉంటుంది, ఆయన దగ్గర ఎంత ఉందో, ఎందుకు లేదో ముందు నుంచీ చూస్తే గానీ తెలియదు.