జానర్ గడి: పదిహేడేళ్లు వాడాక

ఎంపీ3లు పోగుచేసుకునేవాళ్లకి ఈ గడి తెలిసే ఉంటుంది. పాట పేరు, గాయకుడు, ఆల్బమ్, ఆ పక్కన జానర్, అంటే అది ఏ రకం సంగీతమో. పదిహేడేళ్లుగా దాన్ని నింపుతూనే ఉన్నాను. ఈ సమీక్ష ఏ ప్లేయర్ గురించీ కాదు, ఆ ఒక్క గడి గురించే.

ఈ వివరాలన్నీ ఎంపీ3 ఫైల్లోనే దాచే పద్ధతి పేరు ఐడీ3 ట్యాగ్. 1996లో వచ్చిన ఆ ట్యాగ్ ఫైలు చివర 128 బైట్లు తీసుకునేది. అందులో పాట పేరుకి 30 బైట్లు, జానర్‌కి ఒక్కటంటే ఒక్క బైటు. పేరు రాయడానికి చోటే లేదు, అంకె వేయాల్సిందే. మొదటి జాబితాలో ఉన్నవి 80 జానర్లు: బ్లూస్‌కి 0, కంట్రీకి 2, గ్రంజ్‌కి 6, టెక్నోకి 18. ఖవ్వాలీ లేదు. ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ని 48లో పెట్టుకున్నాను, అంటే ‘ఎథ్నిక్’. మాలి దేశపు గిటారిస్టు అలీ ఫర్కా తూరే కూడా అక్కడికే చేరాడు. ఆ ఇద్దరి సంగీతానికీ పొంతనే లేదు. తర్వాతి వెర్షన్‌లో మనమే పేరు రాసుకునే వీలొచ్చాక నేను మొదట సరిచేసింది ఆ 48నే.

అలాగని ఈ గడి పనికిరానిదని అనను. టెక్నోని, అంటే ఎలక్ట్రానిక్ యంత్రాలతో కట్టే డాన్స్ సంగీతాన్ని, నాకు పరిచయం చేసింది ఇదే. 1988లో అమెరికాలోని డెట్రాయిట్ కుర్రాళ్ల ట్రాకులతో ఒక సంకలనం బ్రిటన్‌లో విడుదలైంది. దానికి ముందు అనుకున్న పేరులో ఉన్న మాట ‘హౌస్’, అంటే షికాగో వాళ్లు తమ డాన్స్ సంగీతానికి వాడే మాట. ఆ కుర్రాళ్లలో ఒకడైన జువాన్ ఆట్కిన్స్ ఇచ్చిన ట్రాకు పేరులో ‘టెక్నో’ ఉండటంతో చివరికి అదే అట్టమీదికి ఎక్కింది. అలా డెట్రాయిట్‌కి సొంత పేరు దక్కింది. ఆ పేరుంది కాబట్టే ఇన్నేళ్ల తర్వాత నేను ఒక్క మాట టైప్ చేసి వాళ్లలో ఇంకొకడైన డెరిక్ మే దాకా వెళ్లగలిగాను. పేరు దొరికితే వినేవాళ్లు ఒకచోట చేరతారు.

నన్ను బాగా దెబ్బతీసింది అమెరికా నల్లజాతి గాయకుడు రే చార్ల్స్ విషయం. ఆయన పాటలన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి 14, అంటే ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్), కొట్టేశాను. చాలా ఏళ్లు కంట్రీ, అంటే తెల్లవాళ్లదిగా పేరుపడ్డ అమెరికా పల్లె సంగీతం, పెట్టుకుని షఫుల్‌లో విన్నా ఆయన గొంతు ఒక్కసారీ రాలేదు. ఒకరోజు అట్టబొమ్మలు సరిచేస్తుంటే 1962 నాటి ఆల్బమ్ కంటపడింది: ‘మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’. పేరులోనే కంట్రీ అని ఉంది! నేను అంకె వేసింది పాటని విని కాదు, మనిషిని చూసి.

ఈ అలవాటు నాతో మొదలైంది కాదు. నల్లజాతి సంగీతానికి అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ పెట్టిన చార్టు, అంటే హిట్ పాటల జాబితా, పేరు 1949 దాకా ‘రేస్ రికార్డ్స్’. ఆ ఏడాది దాన్ని ‘రిథమ్ అండ్ బ్లూస్’గా మార్చారు. మాట మర్యాదగా మారింది, గోడ మాత్రం అక్కడే ఉంది. 2019లో నల్లజాతి ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ పాటని అదే పత్రిక కంట్రీ చార్టులోంచి తీసేసింది. ఆ పాటే తర్వాత ప్రధాన చార్టులో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఇప్పుడు ఒక్కో పాటకీ విడిగా, విన్నాకే రాస్తున్నాను. అవసరమైతే సెమికోలన్ పెట్టి రెండు జానర్లు. కొన్ని ప్లేయర్లు ఆ రెంటినీ కలిపి ఒకే పేరుగా చదువుతాయి, అదొక్కటే చికాకు. 5కి 3 ఇస్తాను. మొన్న కంట్రీ షఫుల్‌లో మూడో పాటగా రే చార్ల్స్ వచ్చాడు. పని ఆపేసి చివరిదాకా విన్నాను.