ఉల్క కనిపిస్తే చెప్పుకోవడానికి ఒక చోటు: ఐఎంఓ ఫైర్‌బాల్ రిపోర్ట్ ఫారం

మొన్న రాత్రి పది దాటాక నంద్యాలలో మా డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే పిట్టగోడ మీద నా నీడ కదిలింది, తలెత్తి చూస్తే పడమటి వైపు ఆకుపచ్చటి వెలుగు ముద్ద కిందికి జారుతూ రెండు ముక్కలై ఆరిపోయింది. చేతులు వణికాయి. అమ్మను పిలిచేలోపే అంతా అయిపోయింది. వాట్సాప్‌లో పెడితే రాకెట్ అన్నారు, డ్రోన్ అన్నారు.

అప్పుడు దొరికింది అంతర్జాతీయ ఉల్కా సంస్థ, అంటే ఐఎంఓ వాళ్ల ఆన్‌లైన్ ఫారం. డబ్బులేమీ కట్టక్కర్లేదు. శుక్రుడి కంటే వెలుగుగా ఉన్న ఉల్కనే ఫైర్‌బాల్ అంటారు, అలాంటిది చూసినవాళ్లెవరైనా నింపొచ్చు. ఎక్కడ నిలబడ్డారు, ఎన్ని సెకన్లు కనిపించింది, ఏ దిక్కున మొదలై ఎక్కడ ఆరింది, దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో, ఏ రంగు, ముక్కలైందా, చప్పుడు వినిపించిందా అని వరసగా అడుగుతుంది. ఎత్తు దగ్గర ఆగిపోయాను. మళ్లీ డాబా ఎక్కి, అదే చోట నిలబడి, చెయ్యి చాపి పిడికిలితో కొలిచాను. చాపిన చేతి పిడికిలి సుమారు పది డిగ్రీలు. మూడు పిడికిళ్లు వచ్చింది. నేను చూసింది ఒకరికి పనికొస్తుందన్న నమ్మకం అక్కడే కలిగింది.

ఎందుకంటే ఒక్కరి మాటతో దారి తేలదు. అనంతపురంలో ఉన్న మా అక్కకు ఫోన్ చేస్తే "ఉత్తరం వైపు మెరిసిందే, నేనూ చూశాను!" అంది, తనతోనూ నింపించాను. రెండు ఊళ్ల నుంచి గీసిన గీతలు కలిసే చోటే ఉల్క వెళ్లిన దారి, ఎంతమంది చెబితే లెక్క అంత గట్టిపడుతుంది.

నా వైపు నుంచి ఐదుకి ఐదు. ఫోన్‌లో టైము చూసి అక్కడికక్కడే రాసుకోండి, నేను ఆలస్యం చేసి అందాజాగా వేయాల్సి వచ్చింది, అది ఇంకా బాధగానే ఉంది. వెలుగు పోయాక కూడా రెండు మూడు నిమిషాలు చెవి పెట్టి ఉండండి, చప్పుడు కిలోమీటరు రావడానికే మూడు సెకన్లు పడుతుంది. వెలుగు మరీ ఎక్కువైతే మాత్రం కిటికీ దగ్గర వద్దు. 2013లో రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో ఉల్క వెలుగు చూసి జనం అద్దాల దగ్గరికి వెళ్లారు, ఆ తర్వాత గాలిలో వచ్చిన అదురుకి అద్దాలు పగిలి వెయ్యి మందికి పైగా గాయాలయ్యాయి.