చాటుపద్యాల నోటుబుక్కులకి స్కానింగు, బైండింగు: విజయనగరం షాపు ఎలా ఉందంటే

గంటస్తంభం దగ్గరి ఈ షాపులో పాత చేతిరాత పుస్తకాలు స్కాన్ చేసి, టైపు కొట్టి, బైండు కట్టిస్తారు. ప్రాజెక్టు రిపోర్టులైతే కళ్లు మూసుకుని ఇచ్చేయొచ్చు. తాతల నాటి చాటుపద్యాల (సందర్భాన్నిబట్టి అప్పటికప్పుడు చెప్పిన విడి పద్యాల) నోటుబుక్కుకి అలా కుదరదు.

స్కానింగు బాగుంది. పుస్తకం కుట్టు విప్పకుండా పైనుంచి కెమెరాతో తీస్తారు. 400 డీపీఐ, కలర్ అని ముందే చెప్పండి. లేకపోతే బ్లాక్ అండ్ వైట్‌లో లాగేస్తారు, పెన్సిలు రాత, వెలిసిన నీలం సిరా మాయం. కాగితాల్ని దానంతటదే లోపలికి లాక్కునే ఫీడర్‌లో మాత్రం పెట్టనివ్వకండి. పెళుసెక్కిన కాగితం మడత దగ్గరే విరుగుతుంది.

తంటా అంతా బైండింగులోనే. సమంగా కనపడాలని మూడు వైపులా అంచు కోసేస్తారు. ఎవరి మీద చెప్పింది, ఏ సందర్భం, ఎవరి నోట విన్నది, ఇవన్నీ రాసుండేది ఆ అంచులోనే. 18వ శతాబ్దపు కవి అడిదం సూరకవి పేర ఈ ప్రాంతంలో తిరిగే పద్యాలకి ఆ ముక్క పోతే, తిట్టు ఎవరికి తగిలిందో తెలీదు. అదే శతాబ్దంలో ఇంగ్లండు పెద్దమనుషులు కూడా 1742 దాకా అధికారంలో ఉన్న ప్రధానమంత్రి వాల్‌పోల్ మీద ఎగతాళి పద్యాలు పుస్తకాల్లోకి ఎత్తి రాసుకునేవారు. వాటిలో పేరుకి మొదటి అక్షరం, ఓ గీత, అంతే. పక్కన ఎవరో పూర్తిపేరు రాసిపెడితేనే గుట్టు తెలిసేది. పైగా వాళ్లది పాతగుడ్డల కాగితం, ఇంకా గట్టిగా ఉంటుంది. మన నోటుబుక్కులది కలపగుజ్జు, అందులోని ఆమ్లమే దాన్ని తినేస్తుంది.

కాబట్టి ‘అంచు కొయ్యకూడదు’ అని స్లిప్పు మీద రాయించండి. చిరుగులకి సెల్లోటేపు వద్దు, జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది. మైదా జిగురు, పల్చటి టిష్యూ మనం పట్టుకెళ్తే ఓపిగ్గానే అంటిస్తారు. లామినేషన్ ఊసే ఎత్తనివ్వకండి.

టైపింగు అంతంతమాత్రం. అరసున్నలు ఎగరగొడతారు, ‘ఱ’ని ‘ర’ చేసేస్తారు. ప్రాస చూసేవాళ్లకి అది చిన్న తప్పేం కాదు. పాతరాతలో పాదాలు విడిగా ఉండవు, వచనంలా వరసగా పోతాయి. ఎక్కడ విరవాలో టైపు కొట్టేవాళ్లకి తెలీదు. ప్రూఫు మీరే చూసుకోండి: ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి 10వది, చంపకమాలకి 21, యతి 11వది. ఉత్పలమాలలో 19 వచ్చాయంటే ఒకటి మింగేశారన్నమాట. కందానికీ సీసానికీ గణాలు కట్టి చూడాల్సిందే. బూతు దగ్గర చుక్కలు పెట్టే అలవాటొకటుంది. ఉన్నదున్నట్టు కొట్టమంటే మొహమాటపడుతూనే కొడతారు.

ఇచ్చేముందు ఖాళీ పేజీలతో సహా పెన్సిలుతో నంబర్లు వేయండి. ఫైళ్లు టిఫ్‌లో (బొమ్మ నాణ్యత తగ్గని ఫార్మాటు) అడగండి. పాత అట్ట పారేస్తారు, అడిగి తెచ్చుకోండి. లోపలివైపు ఓ పద్యమో, అప్పుల లెక్కో ఉంటుంది.